ముక్క ఉడికినంక

కోరుట్లలో ఆ నాలుగు గల్లీల్లో తాజుద్దీన్ చేతి కిందికి రాని కోడి లేదు. పెళ్లికి, పుట్టువెంట్రుకలకు, పోచమ్మకు చేసుకున్న నాడు, అల్లుడు దిగిన పూట, ఎవరింటి ముందైనా కాళ్లు కట్టిన కోడి పడి ఉంటే ఆయనకు కబురు వెళ్లేది. హిందువుల ఇళ్లకూ ఆయనే వెళ్లేవాడు. ఆయన హలాల్ చేయని కోడిని వండితే ఆ కూర ముట్టని ముసలివాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుండేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. తాతల నాటి నుంచి అట్లాగే సాగింది.

ఆయన వచ్చి ముందు నీళ్లు అడిగేవాడు. ఆ నీళ్లు తనకు కాదు. కోడి ముక్కు విప్పి రెండు చుక్కలు వదిలేవాడు. అది మింగేదాకా ఆగేవాడు. పడమటికి తిప్పి, బిస్మిల్లా అనుకుని, ఒక్క గీత గీసేవాడు. చేయి తేలిక అని పేరు. ఆ కత్తిని ఒక పాత గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకునేవాడు. కోసినందుకు మెడకాయో, కాలో, ఒక పిడికెడు ముక్కలో ఆయన వంతు.

ఆ వంతు ఇంటికి చేరాక దాని సంగతి ఆయనకు తెలియదు. అది దిల్షాద్ బేగం పని.

దిల్షాద్ బేగం పొద్దంతా బీడీలు చుట్టేది. కూతురు షాజియా పక్కన కూర్చుని, ఏడేళ్లప్పటి నుంచే, ఆకు కత్తిరించడం నేర్చింది. ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే ఇద్దరూ బీడీల చాటలు పక్కన పెట్టి సంచులు పట్టుకుని బయలుదేరేవారు. జగిత్యాల దారిలో తోటల కింద రాలిన పచ్చి మామిడికాయలు ఏరుకొచ్చేవారు. తోలు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాసి రేకుల మీద ఎండబెట్టేవారు. అవి ముడుచుకుని, చెక్క పేళ్ల మాదిరి గట్టిపడి ఒరుగులయ్యేవి. జాడీకెత్తితే ఏడాది ఉండేవి.

ఆ ఒరుగులతో ఆమె కోడికూర చేసేది. కొవ్విన కోడి పనికి రాదనేది. గుడ్లు పెట్టడం మానిన బక్క పెట్ట కావాలి. తోలు తీసేసేది, దాంతోనే కొవ్వంతా పోయేది. ఇక మిగిలింది వట్టి కండ, ఎముక. దాని మీద మామిడి పులుసు, చిక్కగా, కొంచెం తియ్యగా, ఎక్కువ పుల్లగా. గిన్నె మూత తీస్తే వెనుక గల్లీలోని కొమురవ్వ తన వాకిట్లోంచే కేకేసేది.

"ఓ దిల్షాదక్కా! నా కోడి ఉడికినట్టుందే!"

కోడి నిజంగా ఆమెదే. ఏటా ఒక ముసలి పెట్టను కొమురవ్వ ఇచ్చేది. తాజుద్దీన్ కోసేవాడు. దిల్షాద్ వండేది. రెండిళ్లూ పంచుకునేవి. కొమురవ్వ భర్త మొండయ్య తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవాడు. ఆ రాత్రి ఆయన రెండు లొట్లు ఎక్కువే తాగి, ఈ కూరకు ఇదే జోడని అనేవాడు. తాజుద్దీన్ తాగడు. నవ్వేవాడు.

దిల్షాద్‌కు దగ్గు వచ్చింది. పొగాకు దుమ్మని అందరూ అన్నారు, ఆమె కూడా అదే అన్నది. దగ్గులో ఎర్రగా కనిపించాక దవాఖానకు వెళ్లారు. అది చలికాలం. మామిడి పూత రాకముందే ఆమె పోయింది.

జాడీలో ఆమె చేతి ఒరుగులు మిగిలాయి. తాజుద్దీన్ ఆ జాడీని అటక మీంచి దింపలేదు.

షాజియా అప్పటికి సిరిసిల్లలో కాపురం చేస్తున్నది. భర్త ఆదిల్ సాంచాల మీద, కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఆమె అక్కడా బీడీలే చుట్టేది. తల్లి పోయిన నలభయ్యో రోజుకు వచ్చినప్పుడు రెండుసార్లు దగ్గింది. తాజుద్దీన్ తలెత్తి చూశాడు. ఆ దగ్గు ఆయనకు తెలుసు.

*

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో నిలబడ్డాయి. బడులకు తాళాలు. ఆఫీసుల ముందు టెంట్లు. బొగ్గు రాక కరెంటు పోయేది, ఎప్పుడు వస్తుందో తెలియదు. కోరుట్లలో పొద్దున లేస్తే మగవాళ్లు టెంటు కిందికి, ఆడవాళ్లు రోడ్డు మీదికి. బతుకమ్మ పండుగ దగ్గరపడింది, ఆటంతా నడిరోడ్డు మీదే. కోళ్లు కోయించుకునేవాళ్లు కూడా రోడ్డు మీదికే పిలిచేవారు. నిరసన వంటావార్పు అక్కడే కదా.

ఆదిల్ ఫోన్ చేశాడు. వాళ్ల ఇంటి మాట ఉర్దూ, బయటి మాట తెలుగు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో వాళ్లకే తెలియదు.

"మామూ, గోలీలు ఏస్తున్నం. నిలుస్తలేవు. కక్కేస్తున్నది. డాక్టర్ సాబ్ కోపం చేస్తున్నడు. ఖాళీ కడుపుల గోలీ ఏం పని చేస్తది, ముందుగాల తినిపియ్యిండ్రి, తింటే బతుకుతది అంటున్నడు."

"ఏం పెడుతున్నవ్?"

"ఏం పెట్టినా గంతే. గుడ్డు, పాలు, గంజి. కొవ్వు వాసనొస్తే సాలు కక్కుతది."

"ఏమన్న తినబుద్దైతదా అని అడిగినవా?"

ఆదిల్ గొంతు తగ్గించాడు.

"నిన్న ఒక్కటే మాట అన్నది మామూ. అమ్మీ చేసే ఒరుగుల కూరైతే తింటనేమో అని. అని అటు తిరిగి పండుకున్నది."

తాజుద్దీన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అటక కింద నిలబడి జాడీని చూశాడు. తర్వాత కొమురవ్వ ఇంటికి నడిచాడు.

"ఏందయ్యా సాబ్, పిలువకముందే వచ్చినవ్?" అన్నది కొమురవ్వ. ఆమె బతుకమ్మకు గునుగు పూలు కట్టలు కడుతున్నది.

"ఒక పెట్ట కావాలె కొమురక్కా. బక్కది. కొవ్వుండద్దు."

"మా ఇంట్ల అన్నీ బక్కయే. గా మంచం మీద పండినాయన్ను సూడరాదు."

మొండయ్య మంచం మీద నుంచే అన్నాడు. "నన్ను కోసినా పావుకిలో ఎల్లది సాబ్. అండ్ల సగం కల్లే."

కొమురవ్వ నవ్వలేదు. తాజుద్దీన్ ముఖం చూసింది.

"షాజియాకేనా?"

"ఆ."

ఆమె లేచి గంప కింది నుంచి బూడిద రంగు పెట్టను పట్టి తెచ్చింది. రెక్కల కింద చేయి పెట్టి చూపింది. ఎముక తగిలింది.

"గుడ్లుడిగి శానా దినాలైంది. ఎవలు వండుతరు?"

తాజుద్దీన్ కోడి కాళ్లు కట్టుకుంటూ ఉన్నాడు.

"వండుతరు తీ, ఎవలో ఒకలు."

"నేనే వండి ఇస్తుంటి తమ్మీ, గని రేపు పొద్దుగాల్నే ఆడోళ్లందరం బస్టాండు కాడ ఉండాలె. రాకుంటే మన గల్లీకి చెడ్డపేరొస్తది."

"పో అక్కా. నేను సూసుకుంట."

ఎట్లా వండాలో ఆయన అడగవలసింది అప్పుడే. అడగలేదు. ముప్పై ఏళ్లు ఆ కూర తిన్నవాడు, దాన్ని ఎట్లా చేస్తారని ఒక ఆడమనిషి వాకిట్లో నిలబడి అడగడం ఆయనకు నామోషీ అనిపించింది. మొండయ్యను మాత్రం అడిగాడు, పొద్దున టీవీఎస్ మీద సిరిసిల్ల దాకా దింపుతావా అని.

"సిరిసిల్ల ఏంది, బొంబాయి పోదాం పా," అన్నాడు మొండయ్య.

*

తెల్లవారేసరికి గల్లీ ఖాళీ అయింది. దూరంగా బస్టాండు వైపు పాటలు, చప్పట్లు వినిపించాయి.

కోయడం, తోలు తీయడం, ముక్కలు కొట్టడం చిటికెలో అయ్యాయి. అవి ఆయన చేతికి తెలిసిన పనులు. తర్వాత దిల్షాద్ పోయిన నాటి నుంచి చల్లగా ఉన్న పొయ్యి ముందు కూర్చున్నాడు. ఉల్లిగడ్డ ఎంత సన్నగా తరగాలో తెలియలేదు. అల్లం, ఎల్లిగడ్డ దంచాడు. మిరప్పొడి ఎంతో గుర్తు చేసుకోవడానికి కూర రంగు గుర్తు చేసుకున్నాడు. తిన్న రుచి నాలుక మీద ఉంది. అక్కడికి పోయే దారి మాత్రం తెలియదు.

జాడీ దింపాడు. గుడ్డ విప్పగానే ఉప్పు, పసుపు, పాత ఎండ వాసన వచ్చింది. సగం ఒరుగులు తీశాడు. గోటితో నొక్కి చూశాడు. దిగలేదు.

ఇంత గట్టివి ముక్కతో పాటే ఉడకాలి అనుకున్నాడు. కత్తి పట్టేవాడి లెక్క అది. గట్టిది ముందు, మెత్తది తర్వాత. ముక్కలతో పాటు వాటినీ గిన్నెలో వేసి నీళ్లు పోశాడు.

చాలాసేపు ఉడికింది. కట్టెలు అయిపోతే మళ్లీ తెచ్చాడు. మెల్లమెల్లగా ఆ వాసన లేచింది. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఎవరూ లేరు. వాసన మాత్రం ఆమెదే.

అరచేతిలో ఒక చుక్క పులుసు వేసుకుని నాకాడు. సరిగానే ఉంది. ముక్క కొరికి చూడలేదు. కూతురు కోసం వండినదాంట్లోంచి ముక్క తీసుకోవడానికి చేయి రాలేదు.

టిఫిన్ డబ్బా మూత బిగించి గుడ్డలో కట్టాడు. మిగిలిన ఒరుగులు జాడీతోనే సంచిలో పెట్టుకున్నాడు. అమ్మ చేతివి కదా, అక్కడే ఉండనీ అనుకున్నాడు.

*

కథలాపూర్ దాటారు. రుద్రంగి గుట్టల దగ్గర గాలి చల్లగా తగిలింది. మొండయ్య బండి నడుపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"సాబ్, గట్టిగ పట్టుకో. నేను తాడెక్కుతే పడ గని బండెక్కుతే నమ్మకం లేదు."

"డబ్బా పట్టుకున్న. నేను పడితే ఏంది."

చందుర్తి దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, ఒక చింత మొద్దు ఉన్నాయి. టెంటు కింద మైకు మోగుతున్నది. మూడు రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు. అన్నం ఉడుకుతున్న ఆవిరి రోడ్డు దాటి పొలంలోకి పోతున్నది. మెడలో తువ్వాల వేసుకున్న ఒకాయన చేయి అడ్డం పెట్టాడు. సమ్మెలో ఉన్న బడిపంతులు, పేరు దశరథం.

"ఎక్కడికి?"

"సిరిసిల్లకు. ఈయన బిడ్డకు పానం మంచిగలేదు," అన్నాడు మొండయ్య.

"డబ్బాల ఏముంది?"

"కూర."

"చూసిండ్రా? లోకమంత రోడ్డు మీద పడి గొడ్డుకారం తింటుంటే వీళ్లు టిఫిన్లు కట్టుకొని చుట్టాలింటికి పోతున్నరు."

అక్కడున్నవాళ్లు నవ్వారు. "మనకే తెచ్చినట్టుండ్రు సారూ, దించుకోండ్రి," అని ఎవరో అన్నారు. తాజుద్దీన్ డబ్బాను పొట్టకు దగ్గరగా పట్టుకున్నాడు.

పొయ్యి దగ్గర ఉన్న పోచవ్వ అనే నడివయసు ఆమె అప్పుడే ఆయన నడుముకున్న గుడ్డను చూసింది. కత్తి పిడి కొంచెం బయటికి ఉంది.

"ఓ సాబ్, నువ్వు కోస్తవా?"

ఆయన తల ఊపాడు.

"అల్లా పంపినట్టే వచ్చినవ్ నాయినా! మా ఊరి సాబు ఎవలో సచ్చిపోతే మయ్యత్‌కని జగిత్యాలకు పోయిండు, బస్సుల్లేక ఆడనే చిక్కిండు. పొద్దటి సంది కోళ్లు కాళ్లు కట్టి పడున్నయి. మేం కోస్తే మా అత్త తినదు, మా అత్త తినకుంటే మామ తినడు. ఇగ పప్పేద్దామనుకుంటున్నం."

"మాకు ఆలిశమైతది అవ్వా," అన్నాడు మొండయ్య. "పిల్ల ఆకలితోనున్నది."

"గిన్ని నోళ్లున్నయి సూడు సాబ్."

తాజుద్దీన్ చింత మొద్దు నీడలో గంప కింద ముడుచుకున్న కోళ్ల వైపు చూశాడు. నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. బండి దిగాడు. డబ్బాను మొండయ్య చేతికిచ్చాడు.

"నీళ్లు తీసుకరా అవ్వా."

పోచవ్వ చెంబుతో తెచ్చి ఆయనకు అందించబోయింది. ఆయన వంగి మొదటి కోడి ముక్కు విప్పాడు. దప్పికతో అది గటగటా మింగింది. ఇంకో రెండు చుక్కలు వదిలాడు. మైకు ఆపమని ఎవరూ చెప్పలేదు. అదే ఆగింది.

పని అయ్యాక చేతులు కడుక్కున్నాడు. ఆయన వంతు ముక్కలివ్వబోతూ పోచవ్వ ఆగింది. "దారిల ఖరాబైతయి," అని, గంప కింద మిగిలిన ఒక బక్క పెట్టను తీసి, ప్రాణంతోనే చేతిలో పెట్టింది. "గిది బాలింతకు పెట్టే అసొంటిది. కొవ్వుండది. బిడ్డకు వండు."

దశరథం తనే వంగి రాయి దొర్లించి దారి ఇచ్చాడు.

*

సిరిసిల్లలో కరెంటు లేక సాంచాల చప్పుడు లేదు. ఎప్పుడూ ఆ చప్పుడులోనే ఊరు మాట్లాడుకునేది, గట్టిగా. ఆ రోజు మనుషుల గొంతులు మామూలుగా వినిపించాయి. వింతగా ఉంది.

షాజియా కిటికీ పక్క మంచం మీద ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

"అబ్బాజాన్! గింత ఎండల ఎట్లొచ్చినవ్?"

"మొండయ్య తెచ్చిండు. దారిల మూడుసార్లు పడేయబోయిండు."

"రెండే సార్లు," అన్నాడు మొండయ్య గుమ్మం దగ్గర నుంచి.

మూత తీయగానే షాజియా లేచి కూర్చుంది. ఎవరి చేయీ పట్టుకోకుండా కూర్చుంది. ఆదిల్ మామ వైపు చూశాడు. గిన్నె మీద ముఖం పెట్టి ఆమె కళ్లు మూసుకుంది. వాంతి రాలేదు. ఆదిల్ అన్నం పెట్టాడు, కూర వేశాడు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

నమిలింది. చెంప మార్చి నమిలింది. తాజుద్దీన్ ఆ దవడనే చూస్తున్నాడు. అది అలసిపోయింది. ఆమె ముక్కను మెల్లగా తీసి పళ్లెం అంచున పెట్టింది.

"ఏమాయె బిడ్డా?"

"ఒరుగులు ఎప్పుడేసినవ్ అబ్బా?"

"ముందుగాల్నే. గట్టిగున్నయి గదా, ఉడకాలె గదా అని."

ఆమె నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి పోయింది. దగ్గు ఆగేదాకా ముగ్గురు మగవాళ్లూ నేల చూస్తూ ఉన్నారు.

"ఇన్నేండ్లు కోళ్లు కోసినవ్," అన్నది ఊపిరి తీసుకుంటూ. "కోడి సంగతి గింత తెల్వదా? పులుపు వడ్డదంటే ముక్క బిగుసుకుంటది. ఇగ ఎంత ఉడికిచ్చినా మెత్తగ కాదు. ముక్క ఉడికినంకనే పులుపు."

"మీ అమ్మ నాకెన్నడు చెప్పలే."

"నువ్వెన్నడన్న అడిగినవా?"

కోపంగా అనలేదు. ఊరికే అన్నది. తాజుద్దీన్ పళ్లెం అంచున ఉన్న ముక్కను తీసి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

ఆమె పులుసుతో నాలుగు ముద్దలు తిన్నది. గోలీ వేసుకున్నది. మెడ కింద చేయి పెట్టుకుని, కదలకుండా పడుకున్నది. గోలీ నిలిచింది.

"ఆ కోడి ఎవరిది?" అన్నది కొంతసేపటికి. చందుర్తి పెట్ట గుమ్మం దగ్గర కొట్టుకుంటున్నది.

"నీదే."

"అయితే రేపు నేను చెప్త. నువ్వు చెయ్యి."

*

మరునాడు పొయ్యిని ఆమె మంచానికి కనిపించేలా గుమ్మం బయట పెట్టారు. కట్టెలు దొరకలేదు. ఆదిల్ విరిగిన సాంచా చెక్కలు తెచ్చి చీల్చాడు. తాజుద్దీన్ కోడికి నీళ్లు పోసి, కోసి, తోలు తీశాడు. అంతవరకు షాజియా ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత పని ఆమెది.

"ఒరుగులు వేడినీళ్లల్ల నానెయ్యి. గట్టిగున్నయని భయపడకు, అవ్వే మెత్తగైతయి. నూనె తక్కువ. ఇంకా తక్కువ. ఉల్లిగడ్డ ఎర్రగ కానీ. అబ్బా, కలుపు, సూసుకుంట కూసోకు."

ముక్కలు, పసుపు, ఉప్పు పడ్డాయి. నీళ్లు పోసి మూత పెట్టాడు. నానిన ఒరుగులను రాతి మీద నూరి గిన్నెలోకి తీశాడు. అది చేతిలో పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడా?"

"ఊహు."

మొండయ్య మూల కూర్చుని బీడీ తీశాడు. షాజియాను చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడా?"

"నీళ్లు ఇంకనీ. అమ్మీ నీ లెక్క తొందర పడకపోయేది. ముక్కను గంటెతోని నొక్కేది. ఎముక ఇడిసిపెట్టాలె."

నొక్కాడు. ఇంకా పట్టుకునే ఉంది. చెక్కల్లో పాత నూనె మంటతో పాటు చిటపటలాడింది. ఆమె మంచం మీద నుంచి వాసన పీలుస్తున్నది. చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే అన్నది.

"ఇప్పుడు."

ఆయన గిన్నె వంచాడు.

ఆ పూట షాజియా పళ్లెం నిండా తిన్నది. వేళ్లు నాకింది. మళ్లీ కొంచెం అడిగింది. ఆదిల్ బయటికి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మొండయ్య "నాకింత పులుసన్న పొయ్యిండ్రి, నేనేం పాపం జేసిన," అంటే అందరూ నవ్వారు. తాజుద్దీన్ తినలేదు. తింటే బతుకుతది అన్న మాట ఆయన చెవిలో ఉంది. ఆమె మింగిన ప్రతి ముద్దనూ ఆయన చూశాడు.

జాడీ ఖాళీ అయింది.

మొండయ్య తిరిగి వెళ్లాడు. తాజుద్దీన్ ఉండిపోయాడు. ఒరుగులు లేకపోయినా చింతపండుతో, టమాటతో అదే వరుసలో వండాడు. ఆమె తిన్నది. గోలీలు నిలిచాయి. కానీ జ్వరం దిగలేదు. కరీంనగర్ తీసుకెళ్లడానికి బండి దొరికేసరికి ఆలస్యమైంది. డాక్టరు ఛాతీ ఎక్స్ రే ఫొటో వెలుగుకు పట్టి చూసి, శానా ముందుగాల రావాల్సిందన్నాడు.

"తింటున్నది సాబ్," అన్నాడు తాజుద్దీన్. "మంచిగ తింటున్నది."

డాక్టరు ఆయన భుజం మీద చేయి వేశాడు.

ఇంటికి తెచ్చుకున్నారు. ఆఖరి పూట పెద్దమనిషి ఒకాయన కలిమా చదువుతూ, నోట్లో నీళ్లు పోయమని తండ్రికి చెంచా ఇచ్చాడు. తాజుద్దీన్ ఆ చెంచా పట్టుకున్నాడు. ఆమె పెదవులు కొంచెం తెరిచి ఉన్నాయి. ఎన్ని నోళ్లలో ఎన్ని చుక్కలు పోసిన చేయి అది. ఎన్నడూ గురి తప్పలేదు. ఇప్పుడు తప్పింది. నీళ్లు దిండు మీద పడ్డాయి.

"నువ్వు పొయ్యి బేటా," అని ఆదిల్‌కు ఇచ్చి బయటికి వెళ్లిపోయాడు.

సమ్మె అప్పటికి ఆగింది. బస్సులు నడిచిన వారం అది. కొమురవ్వ మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. ఆమెతో ఆయన ఒక్క సంగతే చెప్పాడు. ఇప్పుడా అని అడిగాను, ఊహు అన్నది, మళ్లీ అడిగాను, నీళ్లు ఇంకనీ అన్నది, తర్వాత ఇప్పుడు అన్నది. కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకు తెలుసు గద తమ్మీ, పులుపు ఎప్పుడెయ్యాలెనో. ఆ పొద్దు నన్నడిగితే సెప్పకపోదునా."

"అడగలే అక్కా," అన్నాడు. "నేను ఎవల్నీ ఏం అడగలే."

*

ఆ ఎండాకాలం గాలిదుమారం లేచినప్పుడు తాజుద్దీన్ సంచి పట్టుకుని జగిత్యాల దారిన వెళ్లాడు. రాలిన కాయలు ఏరాడు. రేకుల మీద ఒరుగులు ఎండబెట్టాడు. కాకులను అదిలిస్తూ పొద్దంతా కూర్చున్నాడు. "సాబు ఆడోళ్ల పని నేర్సిండు," అని గల్లీలో నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. జాడీ నింపాడు. వండలేదు. మరుసటి ఏడు కూడా నింపాడు. పాతవి కొమురవ్వకిచ్చేవాడు. కోళ్లు కోయడానికి పిలిస్తే వెళ్లేవాడు, నీళ్లు అడిగేవాడు, చేయి మునుపటి లాగే తేలిక. వంతు మాత్రం తీసుకోవడం మానేశాడు.

రాష్ట్రం వచ్చిన జూన్ రెండు నాడు గల్లీ గల్లీకి వంటలు. సమ్మెలో గిన్నెలు పెట్టిన చోటనే మళ్లీ గిన్నెలు పెట్టారు. డప్పులు, రంగులు. తాజుద్దీన్ పొద్దటి నుంచి కోస్తూనే ఉన్నాడు. అయిపోయాక చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లాడు. జాడీ ఎత్తుకుని వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు.

కొమురవ్వ ఏమీ అడగకుండా పక్కకు జరిగి గంటె ఇచ్చింది.

ఒరుగులు నానాయి. ఆమె కోడలు అనూష వాటిని నూరి పెట్టింది. గిన్నె ఎత్తి వంచబోయింది.

"ఏద్దునా మామా?"

"ఆగు బిడ్డా. ముక్క ఉడికినంక."

గిన్నె ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. పొయ్యి మండింది. నీళ్లు ఇంకాయి. గంటెతో నొక్కితే ముక్క ఎముకను వదిలింది. కొమురవ్వ చూసింది. ఉడికింది. ఆయన మాత్రం వేయలేదు. గిన్నె పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. తల కొంచెం పక్కకు వంచి ఉంది.

"ఏందయ్యా సాబ్," అన్నాడు మొండయ్య. "రాష్ట్రం అచ్చింది గని కూర రాకపాయె. మాడుతది!"

డప్పులు మోగుతున్నాయి. పిల్లలు పళ్లేలు కొడుతున్నారు. తాజుద్దీన్ కదలలేదు.

కొమురవ్వ భర్తకు కళ్లతోనే ఆగమని చెప్పింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుంది. ఆయనకు మాత్రమే వినబడేటట్టు, మెల్లగా అన్నది.

"ఇప్పుడు, తమ్మీ."

ఆయన గిన్నె వంచాడు. గిన్నె ఖాళీ అయ్యాక కూడా చేయి కాసేపు కూర మీదనే ఉంది. ఆవిరి తగులుతున్నా తీయలేదు.